అరవై నాలుగు గళ్ల సుల్తాన్

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగు పల్లెలకు చదరంగం కొత్త ఆట కాదు. దాడి, పులిజూదం, వైకుంఠపాళి ఆడిన అరుగుల మీదనే ఇదీ సాగింది. అయితే తక్కిన ఆటలకు దక్కని మర్యాద ఒకటి దీనికి దక్కింది. పులిజూదంలో గెలిచినవాణ్ణి గడుసువాడన్నారు, చదరంగంలో గెలిచినవాణ్ణి మేధావి అన్నారు. ఆట గెలవడమంటే బుద్ధి గెలవడమేనన్న నమ్మకం తెలుగునాట తరతరాలుగా ఉన్నది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో బొడ్డుచెర్ల తిమ్మన చదరంగంలో సాటిలేనివాడని చెప్పే చాటుపద్యం నేటికీ పండితుల నోట నిలిచి ఉన్నది. ఆ ఆటకు మెచ్చి రాయలవారు ఆయనకు అగ్రహారమిచ్చారని ప్రతీతి. అష్టావధానంలోని ఎనిమిది అంశాలలో చదరంగానికి ఒకప్పుడు చోటుండేది. ఒకవైపు పద్యం అల్లుతూ, మరొకవైపు గంటలు లెక్కిస్తూ, నడుమ పావు కదపగలవాడే అవధాని అనిపించుకొనేవాడు.

ఈ నమ్మకానికి ఇటీవల కొత్త బలం చేకూరింది. 2022లో మామల్లపురంలో 44వ చదరంగ ఒలింపియాడ్ జరిగింది. ఆ సందర్భంగా తమిళనాట ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సైతం పోటీలు నిర్వహించారు. 2024 డిసెంబరు 12న సింగపూరులో, చెన్నైలోని తెలుగు కుటుంబపు బిడ్డ గుకేశ్ పద్దెనిమిదేళ్ల వయసులో ప్రపంచ విజేత అయ్యారు. నాలుగో తరగతి తరువాత ఆయన పూర్తికాలపు బడి మానివేసిన సంగతి పత్రికలన్నింటిలోనూ వచ్చింది. అది చదివిన తల్లిదండ్రులకు సందేహాలు కలగడం సహజం. ఎత్తులు చక్కగా వేసే పిల్లవాడు లెక్కలలోనూ, చదువులోనూ, లోకవ్యవహారంలోనూ అంతే చురుకుగా ఉంటాడా? ఆట పట్టుబడని పిల్లకు బుద్ధి తక్కువని అనుకోవచ్చునా? వెంగల్ వంటి ఊరినుంచి పట్నపు శిక్షణకు డబ్బు కట్టేముందు ఏ ఇంటివారికైనా ఈ ప్రశ్నలకు సమాధానం కావాలి.

తొంభై ఏళ్ల క్రితం ఇదే ప్రశ్నను ఒక మనిషి తన బ్రతుకుతో యూరపు ఖండమంతటి ముందు నిలిపాడు. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. పేరులో సుల్తాన్ ఉన్నా ఆయనకు రాజ్యం లేదు. ఆయన ఏలినదల్లా అరవై నాలుగు గళ్లు, అదీ ఐదేళ్లపాటు మాత్రమే.

సుల్తాన్ ఖాన్ అవిభక్త పంజాబులోని మిఠా తివానా అనే గ్రామంలో జన్మించారు. జన్మ సంవత్సరం 1903 అని కొందరు, 1905 అని కొందరు రాశారు. ఆ గ్రామం నేడు పాకిస్తానులో, సర్గోధా నగరానికి సమీపాన ఖుషాబ్ ప్రాంతంలో ఉన్నది. తండ్రి మతవిద్య తెలిసినవాడు, చదరంగమంటే మక్కువ గలవాడు. తొమ్మిదేళ్ల ప్రాయంలో కుమారునికి ఆట నేర్పాడు. అప్పటినుంచి ఇరవయ్యొకటో ఏడు వచ్చేవరకు, అనగా పుష్కరకాలం పాటు, ఆ బాలుడు ఆడుతూనే ఉన్నాడు. ఆ వయసుకే పంజాబులో ఆయనను మించిన ఆటగాడు లేడన్న పేరు వచ్చింది. తరువాత కథ చెప్పినవారిలో చాలామంది ఈ పన్నెండేళ్లను ఒక్క వాక్యంలో దాటివేశారు. నిజానికి అసలు కథంతా ఆ పన్నెండేళ్లలోనే ఉన్నది.

ఆయన నేర్చినది నేడు పోటీలలో ఆడే చదరంగం కాదు, మన తాతల తరం ఆడిన దేశవాళీ ఆట. ప్రాంతాన్నిబట్టి నియమాలు కొద్దిగా మారినా మూలం ఒక్కటే. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకరాదు, ఎప్పుడైనా ఒక్క గడే కదలాలి. రాజును ఏనుగు చాటుకు చేర్చే కోటకట్టు లేదు. అందుకు బదులుగా రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి వరుసకు చేరితే కోరిన పావు కాలేదు. ఏ నిలువు వరుసలో చేరిందో ఆ వరుసకు చెందిన పావుగానే మారుతుంది. ఎదుటివాని రాజుకు షా లేకుండానే కదలిక లేని స్థితి వస్తే దానికీ పాశ్చాత్య నియమం వర్తించదు. ఇటువంటి ఆట నెమ్మదిగా నడుస్తుంది. తొలి పది ఎత్తులలో ఎవరూ ఎవరినీ పడగొట్టలేరు. బంట్ల బారును ఓపికగా పేర్చుకోవడం, పావులు తగ్గిన తరువాత చివరిదాకా పట్టు విడవకపోవడం, ఈ రెండే గెలుపుకు మార్గాలు. సుల్తాన్ ఖాన్ బలం జీవితాంతం ఈ రెండింటిలోనే ఉండడం గమనించదగినది.

ఆ ప్రాంతపు గొప్ప భూస్వామి మాలిక్ సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా. ఆయన సైనికాధికారి, బ్రిటిష్ ప్రభుత్వానికి ఆప్తుడు, చదరంగ పోషకుడు. యువకుని ప్రతిభను గుర్తించి తన ఆశ్రయంలోకి తీసుకొని, పాశ్చాత్య నియమాలు నేర్పించే ఏర్పాటు చేశారు. పద్దతి మారిన కొద్దికాలానికే, 1928లో, సుల్తాన్ ఖాన్ అఖిల భారత విజేత అయ్యారు. తొమ్మిది ఆటలలో ఎనిమిది గెలిచి, ఒకటి సమం చేసి, ఒక్కటీ ఓడలేదు.

1929లో సర్ ఉమర్ లండనులోని భారత వ్యవహారాల మంత్రి సలహామండలిలో సభ్యులుగా వెళ్లారు. సుల్తాన్ ఖాన్‌ను వెంట తీసుకుపోయారు. అక్కడ ఆయన కోసం ఒక చిన్న అభ్యాస పోటీ ఏర్పాటు చేశారు. ఫలితం నిరాశ కలిగించింది. విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఆంగ్ల ఆటగాళ్ల వెనుక, ఆఖరి స్థానంలో మరొకరితో సమంగా నిలిచారు. కారణం తెలిసిందే. యూరపువారు ఆట ఆరంభపు ఎత్తులను వందల ఏళ్లుగా పుస్తకాలకెక్కించి, కంఠతా పట్టి, ఇరవై ఎత్తులదాకా తడుముకోకుండా నడిపేవారు. ఆ పుస్తకాలలో ఒక్కటీ సుల్తాన్ ఖాన్ చదివి ఉండలేదు. వింటర్, యేట్స్ ఇద్దరూ ఉదారులు. కొద్ది వారాలు ఆయనతో కూర్చొని తెలిసినది చెప్పారు. ఆ వేసవిలో రామ్స్‌గేట్ పట్టణంలో జరిగిన బ్రిటిష్ చాంపియన్‌షిప్‌లో సుల్తాన్ ఖాన్ విజేతగా నిలిచారు. కొన్ని నెలల క్రితం ఆఖరున నిలిచిన మనిషి సామ్రాజ్యపు విజేత కావడం చూసి లండను చదరంగ సంఘాలు నివ్వెరపోయాయి.

మరుసటి ఏడు మే నెలలో తిరిగి యూరపు చేరిన తరువాత ఆయన ఆట మరింత పదునెక్కింది. బెల్జియంలోని లియేజ్ పట్టణపు పోటీలో టార్టకోవర్ తరువాత రెండవ స్థానం పొందారు. హాంబర్గులో జరిగిన ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్లపై ఆడారు. ఆయన బలాన్ని నమ్మని కొన్ని జట్లు తమ రెండవ, మూడవ ఆటగాళ్లను ఆయన ఎదుట కూర్చోబెట్టాయి. ఆ సంవత్సరాంతాన మొదలైన హేస్టింగ్స్ పోటీలో ఆ అపనమ్మకానికి సమాధానం దొరికింది.

హేస్టింగ్స్‌లో ఆయన ఎదుట కూర్చున్నది క్యూబా దేశస్థుడైన కపబ్లాంకా. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్నవాడు, ఏడాది మొత్తంలో ఒక్క ఓటమి కూడా అరుదైనవాడు. సుల్తాన్ ఖాన్ తెల్లపావులతో ఆడారు. మెరుపు వంటి బలిదానాలు గానీ, చూపరులను మురిపించే ఎత్తుగడలు గానీ ఆ ఆటలో కనిపించవు. ఎదుటివాని పావులను కొద్దికొద్దిగా ఇరుకున పెట్టి, ఆ ఇరుకును ఎత్తు వెంట ఎత్తుగా బిగించి, 65వ ఎత్తుకు గెలిచారు. పొలం గట్టును ఒక్కొక్క జానెడు జరుపుకుంటూ పోయినట్టున్నది ఆ ఆట తీరు. ఆ పోటీలో ఆయనకు మూడవ స్థానం దక్కింది. మొదటి స్థానం పొందిన మాక్స్ యూవే లెక్కల ఉపాధ్యాయుడు, 1935లో ప్రపంచ విజేత అయ్యాడు. రెండవ స్థానం కపబ్లాంకాది.

ఆ తరువాతి రెండేళ్లు ఆయన జీవితంలో శిఖరకాలం. 1931లో టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పందెంలో నాలుగు గెలిచి, మూడు ఓడి, ఐదు సమం చేసి నెగ్గారు. అదే ఏడు ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఎనిమిది గెలుపులు, ఏడు సమానాలు, రెండే ఓటములు. ఓడినవారిలో ఫ్లోర్, రూబిన్‌స్టైన్ వంటివారున్నారు. నాటి ప్రపంచ విజేత అలెఖిన్‌తో ఆట సమం అయింది. 1932 లండను పోటీలో అలెఖిన్, ఫ్లోర్‌ల తరువాత మూడవ స్థానాన్ని మరొకరితో పంచుకున్నారు. 1932లోనూ, 1933లోనూ బ్రిటిష్ విజేత మరల ఆయనే. నాటి ప్రపంచపు మొదటి పదిమంది ఆటగాళ్లలో ఒకరుగా చదరంగ చరిత్రకారులు ఆయనను లెక్కిస్తారు.

ఇక్కడినుంచే వివాదం మొదలవుతుంది. ఆయనకు ఇంగ్లీషు బొత్తిగా తక్కువ, తొలి రోజులలో దుబాసీ లేనిదే మాట సాగేది కాదు. బల్ల ఎదుట ముఖంలో ఏ భావమూ కనబడనీయక, గంటల తరబడి కదలక కూర్చొనేవారు. ఇది చూసిన పాత్రికేయులు, ఆటగాళ్లు ఆయనను నిరక్షరాస్యుడని రాశారు. ఏమీ తెలియని మనిషికి దేవుడు ఒక్క ఆటను మాత్రం ఇచ్చాడన్న ధోరణిలో రాసినవారూ ఉన్నారు. 1933లో అమెరికా జట్టును సర్ ఉమర్ తమ లండను ఇంటికి విందుకు పిలిచినప్పుడు, తమకు వడ్డించినది సాక్షాత్తు సుల్తాన్ ఖానేనని ఆ జట్టులోని రూబెన్ ఫైన్ తరువాతి కాలంలో రాశాడు. గొప్ప ఆటగాడు పళ్లెం పట్టుకొని నిలబడడం వారికి మింగుడు పడలేదట. ఈ కథనాలు పుస్తకం నుంచి పుస్తకానికి పాకి, సేవకుడైన చదరంగ మేధావి అన్న ముద్ర ఆయనపై శాశ్వతంగా పడింది.

ఈ ముద్రను ఆయన కుటుంబసభ్యులు 2020లో బహిరంగంగా ఖండించారు. తమ వంశం పీర్ల వంశమనీ, సొంత భూమి గలదనీ, ఆయన చదవనూ రాయనూ తెలిసినవారేననీ, సర్ ఉమర్ ఇంట ఆయన పరిచారకులు కారనీ వారి వాదన. ఏది పూర్తి సత్యమైనా ఒక సంగతి మాత్రం తేటతెల్లం. ఇంగ్లీషు రాకపోవడాన్ని అక్షరం రాకపోవడంగా, మౌనాన్ని మందబుద్ధిగా లెక్కించడం నాటివారికి సులువైన పని అయింది. ఇంట తెలుగు మాట్లాడి, 2006 చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయిన బడులలో కూర్చొని, ఇంగ్లీషు మాట ముందు తడబడే పిల్లలు గల సరిహద్దు కుటుంబాలకు ఈ లెక్క ఎంత తప్పో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

సుల్తాన్ ఖాన్‌ను గూర్చి అందరికన్నా కొలిచి మాట్లాడినవాడు ఆయన చేత ఓడిన కపబ్లాంకాయే. వేరు నియమాలతో పెరిగి, పుస్తకాల సాయం లేకుండా వచ్చి విజేత కావడం అసాధారణమైన చదరంగ ప్రతిభకు గుర్తని ఆయన అభిప్రాయపడ్డాడు. చదరంగ ప్రతిభ అన్న ఆ మాటలో జాగ్రత్త ఉన్నది. బుద్ధి అంతటికీ ఆయన తీర్పు చెప్పలేదు.

ఆ జాగ్రత్త సరియైనదేనని మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరీక్షలు చెబుతున్నాయి. సుల్తాన్ ఖాన్ యూరపు చేరడానికి నాలుగేళ్ల ముందే, 1925లో మాస్కో నగరంలో జరిగిన పెద్ద పోటీ సందర్భంగా ముగ్గురు రష్యా పరిశోధకులు అక్కడి మేటి ఆటగాళ్లను పరీక్షించారు. సామాన్య జ్ఞాపకశక్తిలో వారు ఇతరులకన్నా మిన్నగా తేలలేదు. బల్లపైనున్న పావులను గుర్తుంచుకోవడంలో మాత్రం వారికి సాటి లేదు. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే శాస్త్రజ్ఞులు ఇంకొక అడుగు వేశారు. నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపి బల్ల మూసివేస్తే, మేటి ఆటగాడు చాలా పావులను తిరిగి పేర్చగలిగాడు, కొత్తవాడు నాలుగైదింటితో ఆగిపోయాడు. అవే పావులను తోచినట్టు చెల్లాచెదరుగా ఉంచి చూపితే ఇద్దరికీ పెద్ద తేడా లేకపోయింది. మేటివాని కంటికి విడివిడి పావులు కనబడవు, ఎన్నో ఏళ్లుగా చూసి చూసి అలవాటైన గుంపులు కనబడతాయి. నేత పనివాడు బట్ట అంచు చూడగానే మగ్గం లోపం చెప్పడం, రైతు ఆకు రంగు చూసి తెగులు పేరు చెప్పడం ఈ కోవలోనివే. వారి జ్ఞానాన్ని మాత్రం ఎవరూ మేధ అనడం లేదు. ఎందుకో ఆలోచించవలసిన విషయమే.

అలాగని చదరంగానికీ బుద్ధికీ పొత్తు లేనే లేదనడం కూడా సరికాదు. 2016లో పూర్వపు అధ్యయనాలు అనేకం ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, రెండింటికీ కొద్దిపాటి సంబంధం ఉన్నట్లే తేలింది. ఆ సంబంధం పిల్లలలోనూ, కొత్తగా నేర్చేవారిలోనూ ఎక్కువ, ఆటలో ఆరితేరినవారిలో తక్కువ. 2007లో బ్రిటనులో 57 మంది పిల్లలపై జరిగిన పరిశోధనలో ఆటను ఎక్కువగా నిర్ణయించినది సాధన. వారిలో మేటి ఆటగాళ్లయిన 23 మందిని విడిగా చూస్తే, బుద్ధి పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవారు ఆటలో కొంచెం వెనుకబడ్డారు, ఎందుకంటే వారు సాధన తక్కువ చేశారు. ఇంతకూ తేలేదేమంటే, ఆట త్వరగా పట్టుబడడానికి చురుకుదనం తోడ్పడవచ్చు. ఆపైన నడిపించేది ఏళ్ల తరబడి కూర్చునే ఓపిక, కూర్చోబెట్టే ఇల్లు. సుల్తాన్ ఖాన్ తండ్రి వద్ద గడిపిన పుష్కరకాలం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

ఇందుకు మరొక సాక్ష్యం అదే ఇంట్లో దొరుకుతుంది. సర్ ఉమర్ పరివారంలో ఫాతిమా అనే యువతి ఉండేది. 1933లో హేస్టింగ్స్‌లో సుల్తాన్ ఖాన్ మూడవసారి బ్రిటిష్ విజేత అయినప్పుడు, మహిళల విభాగంలో ఆమె విజేతగా నిలిచింది, తక్కినవారికి అందనంత ముందు నిలిచింది. ఒకే ఇంటినుంచి, ఒకే వేసవిలో, ఇద్దరు సామ్రాజ్య విజేతలు. సుల్తాన్ ఖాన్ ఒక్కడే ఉండి ఉంటే అది దైవదత్తమైన వింత అని సరిపెట్టుకోవచ్చు. ఫాతిమాను కూడా చూసిన తరువాత, రోజూ మేటి ఆటగాడు ఎదుట కూర్చునే బల్ల ఒకటి ఆ ఇంట్లో ఉండడమే కారణమని ఒప్పుకోక తప్పదు. ఆమె కథకు మాత్రం చదరంగ గ్రంథాలలో నాలుగు పంక్తులు మించి చోటు దొరకలేదు.

ఇంగ్లండు వాతావరణం సుల్తాన్ ఖాన్‌కు ఏనాడూ పడలేదు. మలేరియా మాటిమాటికి తిరగబెట్టేది. జలుబు, గొంతునొప్పి వదిలేవి కావు. మెడచుట్టూ గుడ్డ చుట్టుకొని పోటీలకు వచ్చిన రోజులు ఎన్నో. 1933 ఫోక్‌స్టోన్ ఒలింపియాడ్‌లో ఆయన ఫలితం సగానికి సగంగా మిగిలింది, నాలుగు గెలుపులు, ఆరు సమానాలు, నాలుగు ఓటములు. ఆ డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశానికి మరలారు. సుల్తాన్ ఖాన్ కూడా మరలారు. చెరనుంచి విడుదలైనంత సంతోషం ఆయనకు కలిగిందని ఫాతిమా అనేక ఏళ్ల తరువాత చెప్పింది. అభిమానులు దీనిని విషాదంగా వర్ణిస్తారు. ముప్పై ఏళ్ల వయసులో ఒక మేటి ఆటగాడు తెరమరుగు కావడం ఆటకు నష్టమే, సందేహం లేదు. ఆ మనిషికి అది నష్టమా అన్నది వేరే మాట.

1935లో ఆయన వి.కె. ఖాదిల్కర్ అనే ఆటగాడితో పది ఆటల పందెం ఆడి, తొమ్మిది గెలిచి, ఒక్కటి మాత్రమే సమం చేశారు. అంతర్జాతీయ వేదికలపై ఆయన పేరు ఆ తరువాత వినబడలేదు. 1944లో సర్ ఉమర్ కన్నుమూశారు. 1947లో దేశం రెండయింది, మిఠా తివానా పాకిస్తాను పాలైంది. సుల్తాన్ ఖాన్ సొంత పొలం చూసుకుంటూ, భార్యాబిడ్డలతో సర్గోధా ప్రాంతంలో స్థిరపడ్డారు. చదరంగం ఆయనకు ఊరి పెద్దరికాన్ని గానీ, పదవిని గానీ, సిరిని గానీ తెచ్చిపెట్టలేదు. ఆయన వాటిని వెతుక్కొన్న జాడ కూడా లేదు.

1950లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే మొట్టమొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ప్రకటించింది. ఇరవై ఏడు మంది పేర్లు చదివారు. ఆట మాని ఏళ్లు గడిచిన రూబిన్‌స్టైన్‌కు కూడా పాత విజయాలను గౌరవించి ఆ బిరుదునిచ్చారు. ప్రాగ్‌లో అదే రూబిన్‌స్టైన్‌ను ఓడించిన సుల్తాన్ ఖాన్ అప్పటికి జీవించే ఉన్నారు. ఆయన పేరు ఆ జాబితాలో లేదు. పంజాబు పల్లెలో పొలం చేసుకొనే మనిషిని తలచుకొనేవారు ఆ సభలో లేకపోయారు కాబోలు.

ఆయన తన బిడ్డలకు చదరంగం నేర్పలేదు. అంతకన్నా ఉపయోగపడే పని చేసుకొని బ్రతకవలసిందిగా వారికి చెప్పేవారని ఆయన కుమారుడు తరువాతి కాలంలో తెలిపాడు. ఈ ఒక్క సంగతిని పట్టుకొని, ఆటపై ఆయనకు విరక్తి కలిగిందని కొందరు రాశారు. అంతదూరం పోనక్కరలేదు. కపబ్లాంకాను గెలిచిన చేతితోనే విత్తు చల్లినవాడు గనుక, ఆట తనకేమిచ్చిందో, ఏమివ్వలేదో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆటలో ఆరితేరడం తక్కిన వాటన్నింటిలోనూ ఆరితేరడమేనని లోకం అనుకొన్నా, ఆయన అనుకోలేదు. తండ్రి తనకు తొమ్మిదేళ్లకు ఇచ్చినదానిని తాను తన పిల్లలకు ఇవ్వకుండా ఆగడం వెనుక ఎంత ఆలోచన ఉండి ఉంటుందో చదువరులే ఊహించుకోగలరు.

సుల్తాన్ ఖాన్ 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయవ్యాధితో మరణించారు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఆయనకు దక్కడానికి మరి 58 సంవత్సరాలు పట్టింది. 2024 ఫిబ్రవరి 2న ఫిడే అధ్యక్షుడు పాకిస్తాను వెళ్లి, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు పత్రాన్ని నాటి ఆ దేశ ఆపద్ధర్మ ప్రధానికి అందజేశారు. ఆ దేశానికి ఆయనే తొలి గ్రాండ్‌మాస్టర్. ఆయన ఆడిన రోజులలో ఆ దేశం ఇంకా పుట్టనేలేదు.